క్యాలెండర్ వెనక గోడ

ఆ పేటలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. గ్యారంటీ మేస్త్రి అంటేనే తెలుస్తుంది. ఎవరి గోడకైనా చెమ్మ ఎక్కిందని కబురొస్తే చాలు, తాపీ పట్టుకుని వెళ్ళేవాడు. పెచ్చులు గోకి, సిమెంటు దట్టంగా మెత్తి, "ఇక చెమ్మ అన్న మాట వినపడితే మీసం గొరిగించుకుంటా, గ్యారంటీ!" అనేవాడు. ఆ లెక్కన మీసం చాలాసార్లే పోవాలి. చెమ్మ మళ్ళీ వచ్చిందని ఎవరైనా అన్నారో, ఆ ఇల్లే కాదు, ఆ వీధే తొక్కేవాడు కాదు. అలా అతను చుట్టు తిరిగి తప్పించుకునే వీధులు పదకొండయ్యాయి.

పని నేర్పిన పెద్దమేస్త్రి చెప్పనే చెప్పాడు: "పాత ఇటుక గోడ అడుగు నుంచి నీళ్ళు పీలుస్తుందిరా. పైన సిమెంటు కప్పావంటే ఊపిరాడక ఇంకా పైకెక్కుతుంది. ముందు అడుగున బెజ్జాలు వేసి చెమ్మ ఆపే మందు పట్టించు. తర్వాత పూత లేకుండా వదిలెయ్. ఆరడానికి అంగుళం మందానికి నెల."

తొమ్మిదంగుళాల గోడకి తొమ్మిది నెలలు! "గోడకి పురుడు పొయ్యాలా ఏంటి?" అని నవ్వాడు శిష్యుడు. ఆగడం అతని ఒంట్లో లేదు.

అక్క ఇంట్లో పడగ్గది గోడ కూడా అలాగే రెండు రోజుల్లో ముగించాడు. బావ టైలరు. చెవి మీద పెన్సిలు, మెడలో టేపు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.

"ఆరేదాకా మంచం పక్కగదిలో వేసుకుంటాం లేరా" అన్నాడు బావ.

"అంటే నా పని మీద నమ్మకం లేదనేగా?"

"అబ్బే, అదేం లేదురా" అని బావ ఆ పూటే మంచం ఆ గోడకి ఆనించి వేయించాడు.

తర్వాత నాలుగేళ్ళు మేస్త్రి వారం వారం వెళ్ళి ఆ మంచం మీదే కూర్చుని కబుర్లు చెప్పాడు. వెనక గోడకి చాప ఆనించి ఉండేది. వీపుకి మెత్తగా ఉంటుందనేవాడు బావ. చాప పైన క్యాలెండరు. అది ఏటా జానెడు పైకి పోతోంది.

"తేదీ చూడాలంటే నిచ్చెన వెయ్యాలా బావా?"

"చత్వారం కదరా, ఎత్తుగా ఉంటేనే ఆనుతుంది" అని నవ్వేవాడు బావ.

ఈ ఏడు బావ పోయాడు. గుండె ఆగిందన్నారు. నెల తర్వాత అక్క మంచం జరపమంటే మేస్త్రి చాప తీశాడు, క్యాలెండరు దించాడు. గోడ నల్లగా బూజు పట్టి, ఉప్పు పొంగి ఉంది. దాని మీద వరసగా పెన్సిలు గీతలు. ప్రతి గీత పక్కనా తేదీ, చెమ్మ ఎక్కిన అంగుళాలు. చొక్కా కొలతలు రాసినంత పొందిగ్గా. మొదటిది పద్నాలుగు. చివరిది నలభై ఒకటిన్నర.

"నీకు తెలుసా అక్కా?"

"తెలీకేం? రోజూ చాప ఎండేసింది నేనేగా."

"ఒక్క మాట అనొచ్చుగా!"

"అంటానంటే ఆయనే వద్దన్నారు. 'చెప్తే వాడు గోడ బాగుచెయ్యడే, మనింటికి రావడం మానేస్తాడు. గోడదేముంది, వాడు రానీ' అన్నారు."

కాదనబోయాడు మేస్త్రి. పదకొండు వీధులూ గుర్తొచ్చాయి.

ఉలి పట్టుకుని గోడ ముందు గొంతుక్కూర్చున్నాడు. సిమెంటు పూర్తిగా ఊడగొట్టందే గోడ బాగుపడదు. ఊడగొడితే బావ రాత పోతుంది.

"ఈ గీతలున్న ముక్క వదిలేస్తానక్కా."

"వదిలేస్తే?"

"దాని వెనక చెమ్మ అలాగే ఉంటుంది."

"మరింకేం, కొట్టు" అని అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అడుగు నుంచి మొదలుపెట్టాడు. పద్నాలుగు తేలిగ్గానే రాలిపోయింది. ఒక్కో అంకె దగ్గరా చెయ్యి ఆగుతోంది. జీవితంలో ఏ గోడ దగ్గరా అంత నెమ్మదిగా పని చెయ్యలేదు. నలభై ఒకటిన్నర పడేటప్పటికి మధ్యాహ్నం అయింది.

అక్క గుమ్మంలోకి వచ్చి ఇటుకల్ని చూసింది. "ఎన్నాళ్ళు ఇలా ఉండాలిరా?"

"తొమ్మిది నెలలు. ఇంకా ఎక్కువే పట్టొచ్చు."

"అన్నాళ్ళూ వస్తావా?"

"వస్తానక్కా" అన్నాడు. గ్యారంటీ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, చీపురు కోసం చూశాడు.