ఆఖరిసారి క్లాసుకు వచ్చిన తేదీ

నా ఉద్యోగం చెప్పుకోవడానికి ఏమంత గొప్పది కాదు. టొరంటోకి గంట దూరంలో ఉన్న ఒక యూనివర్సిటీలో, రిజిస్ట్రార్ ఆఫీసులో, చదువు మధ్యలో మానేసినవాళ్ళ ఫైళ్ళు చూస్తాను. ప్రతి ఫైల్లోనూ ఒక గడి ఉంటుంది: ఆఖరిసారి క్లాసుకు వచ్చిన తేదీ. ఆ గడి నింపడమే నా పని. పన్నెండేళ్ళుగా అదే చేస్తున్నాను.

దీనికొక ఉద్యోగమా అని మా ఇంట్లోనే నవ్వారు. కానీ ఆ తేదీ అంటే ఫెడరల్ ప్రభుత్వానికి మహా పట్టింపు. ఇక్కడి పిల్లలు ప్రభుత్వం ఇచ్చే లోను, గ్రాంటు తీసుకుని చదువుతారు. మధ్యలో మానేస్తే నిజంగా ఏ రోజు దాకా చదివారో మేం చెప్పాలి. ఆ సాయంలో వాళ్ళకి ఎంత దక్కుతుందో దాన్నిబట్టే తేలుతుంది. స్టడీ పర్మిట్ మీద వచ్చిన మన పిల్లలకి ఆ సాయం ఎలాగూ లేదు. వాళ్ళ తేదీ ఇమిగ్రేషన్‌కి వెళ్తుంది. గడి మాత్రం ఇద్దరికీ ఒకటే.

తేదీకి రుజువు ఉండాలి. ఒకసారి ఒక కుర్రాడి మాట నమ్మి తేదీ వేశాను. ఆడిట్‌కి వచ్చినవాళ్ళు కాగితం చూపించమన్నారు. నా దగ్గర లేదు. పదిమంది కూర్చున్న మీటింగులో తల దించుకుని కూర్చున్నాను. అప్పుడు మా మేనేజర్, మంచి మనిషే, నన్ను పక్కకి పిలిచి, "రికార్డులో ఉన్నదే రాయి, నీకు తెలిసింది రాయకు" అంది. ఆ మాట మనసులో గట్టిగా నాటుకుపోయింది.

కోవిడ్ తర్వాత రెండు మూడేళ్ళు మా కౌంటర్ ముందు లైనులో సగం తెలుగే వినిపించేది. నిజామాబాద్, ఒంగోలు, కడప, అన్నీ అక్కడే నిలబడేవి. నన్ను చూసి, "మేడమ్, తెలుగా?" అని అడిగి, అవునంటే ఆ క్షణం నుంచి ఆంటీ అనేసేవాళ్ళు. మా ఆఫీసులో మిగతావాళ్ళు "మీ స్టూడెంట్స్ వచ్చారు" అని వాళ్ళందరినీ నా వైపు తోసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. కొంచెం గర్వంగానూ ఉండేది, అబద్ధం ఎందుకు.

ఆ రోజుల్లోనే, ఒక జనవరిలో, ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై మూడేళ్ళుంటాయి. ఎవరో ఇచ్చిన కోటు కాబోలు, చేతులు వేళ్ళ దాకా కప్పేశాయి. లోపల వెచ్చగా ఉన్నా జిప్పు తీయలేదు. నిజామాబాద్ దగ్గర పల్లెనట. కూర్చోమన్నాను.

"సెప్టెంబర్ దాక మంచిగనే పోయిన ఆంటీ. తర్వాత లేవబుద్ధి కాలే. ఏడుపు కూడా రాలే. లేచి బ్రష్ చేసుకోవాలన్నా భయమైతుండె."

క్యాంపస్ క్లినిక్‌లో డాక్టరు రాసిచ్చిన లెటర్ తెచ్చింది. అక్టోబర్ మొదటి వారం నుంచి డిసెంబర్ ఆఖరు దాకా ఇల్లు కదిలే స్థితిలో లేదని అందులో ఉంది. మందులు వాడుతోందట. ఇప్పుడు పర్వాలేదు, మళ్ళీ క్లాసుల్లో చేరతానంది.

రూలు సూటిగానే ఉంది. జబ్బు చేస్తే యూనివర్సిటీ సెలవు ఇవ్వొచ్చు. అయిదు నెలల లోపు తిరిగొస్తే పర్మిట్‌కి ఢోకా లేదు, ఆ సెమిస్టర్ లెక్కలోంచి తీసేస్తారు. సెలవు రాకపోతే మాత్రం రాయని పరీక్షలన్నీ ఫెయిలే. అన్నీ ఫెయిలైతే ఏడాది పాటు బయటికి పంపేస్తారు, మా విద్యార్థి కాదని ఇమిగ్రేషన్‌కి రాస్తారు, ఇక ఇంటికే. ఆమెకి ఇదంతా చెప్పి, "లెటర్ ఉందిగా, ఏం కాదులేమ్మా, అయిపోతుంది" అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

ఆమె వెళ్ళాక హాజరు రికార్డు తెరిచాను. నవంబర్ ఆఖరి వారంలో క్లాసులు అయిపోయే దాకా వస్తూనే ఉంది.

మా దగ్గర హాజరు వేసే పద్ధతి ఇది. క్లాసు మొదట్లో లెక్చరరు తెర మీద ఒక నంబరు చూపిస్తారు. పిల్లలు ఎవరి ఫోన్లో వాళ్ళు, ఎవరి పాస్‌వర్డ్‌తో వాళ్ళు లాగిన్ అయి ఆ నంబరు కొట్టాలి. మంచం దిగలేదని డాక్టరు అంటున్నాడు. ఉదయం ఎనిమిదిన్నర క్లాసు కూడా వదల్లేదని రికార్డు అంటోంది. ఆ రెండిటినీ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. ఇంకెవరైనా అయితే బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్ళేమో, నాకు అర నిమిషం పట్టలేదు. నేను వరంగల్లో ఇంజనీరింగ్ చదివినదాన్ని.

సెకండియర్లో నా హాస్టల్ రూమ్మేట్‌కి కామెర్లు వచ్చి నలభై రోజులు ఊళ్ళో ఉండిపోయింది. ఆ నలభై రోజులూ దాని నంబరు పిలిస్తే నేనే గొంతు మార్చి ప్రెజెంట్ సార్ అన్నాను. నా నంబరుకీ దాని నంబరుకీ మధ్య పదకొండు నంబర్లు, గొంతు మార్చుకోవడానికి బోలెడంత టైము. సారుకి తెలుసు. తెలిసే తల ఎత్తేవారు కాదు. అటెండెన్స్ డెబ్భై అయిదు శాతం లేకపోతే డిటెయిన్ చేస్తారు, ఏడాది పోతుంది. ఆ భయం మా ఎముకల్లో ఉండేది. అది ఊరి నుంచి తిరిగొచ్చి, చిక్కిపోయిన ముఖంతో నన్ను పట్టుకుని ఏడ్చింది. ఇరవయ్యేళ్ళ వయసులో నేను చేసిన మంచి పని ఏదంటే ఇప్పటికీ అదే చెబుతాను.

రెండ్రోజుల తర్వాత ఆ అమ్మాయిని పిలిచాను. ఒక్కతే రాలేదు, ఇద్దరు రూమ్మేట్లు కూడా వచ్చారు. ఒకమ్మాయిది వాళ్ళ జిల్లానే, ఇంకో అమ్మాయిది గుంటూరు. ముగ్గురిదీ ఒకటే క్లాసు, అద్దెకుండేదీ ఒకటే బేస్‌మెంట్. నేనింకా నోరు తెరవనేలేదు, గుంటూరు పిల్ల అందుకుంది.

"అటెండెన్స్ గురించైతే మీరేం కంగారు పడకండి ఆంటీ. అంతా మేం చూసుకున్నాం. దీనికి షార్టేజ్ రానివ్వలేదు."

రెండో అమ్మాయి నవ్వుతూ మాట కలిపింది. "దీని లాగిన్ నా ఫోన్ల పెట్టుకున్నం ఆంటీ. నంబర్ రాంగనే కొట్టుడే. శని, ఆదివారాలు పక్క ఊళ్ళె వేర్‌హౌస్ పని, సోమవారం లేవబుద్ధి కాకపోతుండె. అయినా దీని కోసం లేచి ఉరికినం."

ఇద్దరి ముఖాల్లోనూ వెలుగు. మెచ్చుకుంటానని ఎదురుచూస్తున్నారు. పొద్దున్నే అన్నం, పప్పు వండి దాని మంచం పక్కన పెట్టి వెళ్ళేవాళ్ళమని, సాయంత్రం వచ్చి తినిపించేవాళ్ళమని కూడా చెప్పారు.

వాళ్ళకి తెలియనిది ఒకటుంది. ఇక్కడ డెబ్భై అయిదు శాతం లేదు. డిటెన్షన్ లేదు, షార్టేజ్ లేదు. మా యూనివర్సిటీలో క్లాసుకి రాకపోతే అడిగే నాథుడే లేడు. ఆ నంబరు కొట్టించేది ఎప్పుడైనా ఎవరైనా మానేస్తే ఆఖరి తేదీ చూపించడానికే. అంటే నా గడి కోసమే. ఈ పిల్లలు లేని రూలుకి భయపడి, ఉన్న రూలుకి దొరికిపోయారు. వాళ్ళు అలా చేయకపోయుంటే రికార్డు సెప్టెంబర్‌తో ఆగిపోయేది, డాక్టరు లెటర్‌తో అతికినట్టు సరిపోయేది, నేను పది నిమిషాల్లో సంతకం పెట్టేసేదాన్ని.

ఇదంతా నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. "మీరిద్దరూ కాస్త బయట కూర్చోండమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ఒక్కతే మిగిలాక తలుపు వేసి చెప్పాను. ఒకరి హాజరు ఇంకొకరు వేస్తే ఇక్కడ దాన్ని మోసం కిందే చూస్తారని, విచారణ ఉంటుందని, సస్పెండ్ చేస్తే ఆ ఇద్దరి పర్మిట్లూ చిక్కుల్లో పడతాయని చెప్పాను. నీకు సెలవు కావాలంటే నవంబర్ దాకా క్లాసుకి వెళ్ళింది నువ్వు కాదని తేలాలి, నువ్వు కాదని తేలాలంటే ఎవరో తేలాలి అన్నాను. ఫారం ముందు పెట్టాను.

"పేర్లు రాయాల్నా ఆంటీ?"

"రాయాలమ్మా."

ఆ కాగితాన్ని నా వైపే తిప్పి పెట్టింది.

"వాళ్ళు తినిపించకపోతే నేను చచ్చిపోతుంటి. ఇది వాళ్ళకి చెప్పకండి ఆంటీ. చెప్తే వాళ్ళే వచ్చి ఒప్పుకుంటరు."

"నీ సంగతేంటి మరి? ఇంట్లో ఏం చెప్తావు?" అని గట్టిగా అరిచినంత పని చేశాను. కోపం ఆమె మీద కాదు. ఎవరి మీదో తెలియక ఆమె మీద చూపించాను.

"లెటర్ లేట్ అయిందని చెప్తా" అంది. ఆ మాట కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నట్టుంది.

సెలవు ఇమ్మని అప్పీలు నేనే రాశాను. పేర్లు లేకుండా, డాక్టరు మాటనే పట్టుకుని, నాకు వచ్చిన ఇంగ్లీషంతా పోసి రాశాను. మేనేజర్ రెండుసార్లు చదివింది. లెటర్‌నీ రికార్డునీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత నా ముఖంలోకి చూసి అడిగింది, "దీని వెనక ఏం జరిగిందో నీకేమైనా తెలుసా?"

"తెలియదు" అన్నాను.

ఆ ఇద్దరు పిల్లల కోసమే అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కొంత నిజమే. కానీ ఆ క్షణంలో ఆడిట్ మీటింగు కూడా కళ్ళ ముందు మెదిలింది. తన స్టూడెంట్స్‌ని వెనకేసుకొస్తోంది అంటారని భయం వేసింది. ఇల్లు, ఇంటి లోను, యూనివర్సిటీకి రాబోతున్న నా కూతురు, అన్నీ గుర్తొచ్చాయి. రికార్డు ఎందుకు తప్పో, పేర్లు చెప్పకుండానైనా చెప్పే దారి ఒకటి వెతికి ఉండొచ్చు. మన కాలేజీల్లో ప్రాక్సీ అనేది ఒకటుందని, అది మాకు స్నేహమని, కూర్చోబెట్టి వివరించి ఉండొచ్చు. మా మేనేజర్ వినే మనిషే. వినేదేమో. నేను ప్రయత్నించలేదు. వరంగల్లో నలభై రోజులు లేచిన నోరు ఇక్కడ ఒక్కసారి పెగల్లేదు.

అప్పీలు కొట్టేశారు. మూడు లైన్ల ఉత్తరం. దాన్ని టైపు చేసింది నేనే, అది కూడా నా పనే.

దీని గురించి నేనెవరికీ చెప్పలేదు. చెబితే నీ తప్పేముంది అంటారని తెలుసు. ఆ మాట వినడానికి కూడా నాకు అర్హత లేదనిపిస్తుంది. ఇప్పుడు మా కౌంటర్ ముందు లైను లేదు. కొత్త రూల్స్ వచ్చాయి, పిల్లలు రావడం తగ్గింది, తెలుగు వినబడక నెలలవుతోంది. ఖాళీగా కూర్చున్నప్పుడల్లా ఆమె కోటు గుర్తొస్తుంది. ఒక మంచి జరగలేదు, ఒక నిజం బయటికి రాలేదు. పన్నెండేళ్ళలో నేను నింపిన గడులన్నిటిలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో కూడా నాకు తెలియదు.

ఆ ఫిబ్రవరిలోనే ఆ అమ్మాయి ఐడీ కార్డు తిరిగివ్వడానికి వచ్చింది. మర్నాడు ఫ్లైటట. అదే కోటు. రూమ్మేట్లు బయట బస్‌స్టాప్‌లో ఉన్నారని, వాళ్ళకి చెప్పలేదు కదా అని అడిగింది. లేదన్నాను. కార్డు తీసుకున్నాను. వెళ్ళబోతూ ఆగింది.

"ఆంటీ, వాళ్ళు ఒకటే అడుగుతున్నరు. అటెండెన్స్ అయితే సరిపోయింది కదా అని. ఇక్కడ ఎంత ఉండాలె?"

ఆమె ముఖంలోకి చూశాను. ఆమెకి కూడా తెలియదు. తన బతుకు ఏ రూలు కోసం పోయిందో ఆ రూలే లేదని ఆమెకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

"డెబ్భై అయిదు" అన్నాను.

"నాకెంత ఉండె?"

"ఎనభై రెండు."

ఆమె నవ్వింది. నేను చూడటం అదే మొదటిసారి.

"చెప్తా ఆంటీ. ఖుషైతరు."

తలుపు మూసుకున్నాక ఫైలు తెరిచాను. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. నవంబర్ తేదీ వేశాను.