కాలువలు కట్టేశాక చూపించిన స్థలం

కరోనా గొడవ సద్దుమణిగిన ఏడాది, ఏప్రిల్ నెలాఖరున, కంకిపాడు దగ్గర ఒక వెంచరులో అమ్ముడుపోకుండా మిగిలిన ఆఖరి స్థలం అమ్మే పని నాకు అప్పగించారు. ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్కటే. కొనడానికి వచ్చినాయన అడిగిన ప్రశ్న సరిగ్గా వినకుండానే జవాబు చెప్పాను.

రియల్ ఎస్టేట్ ఏజెంటు కావడమెలా అని కుర్రవాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. కాయితాల మీద తేలికే. స్థలాల వ్యాపారాన్ని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ రెరాలో పేరు నమోదు చేయించుకుంటే ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు రాకముందు మమ్మల్ని బ్రోకర్లనేవారు, వచ్చాక ఏజెంట్లమయ్యాం. పెళ్లిళ్లలో కలిసే చుట్టాలకు మాత్రం ఇంకా బ్రోకర్లమే. తెల్లచొక్కా, రెండు ఫోన్లు, ఈసీ చదవడం వస్తే సగం పని అయినట్టే. ఈసీ అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ అన్నీ చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు కాయితం. మిగతా సగం గురువు దగ్గర నేర్చుకోవాలి. నా గురువు పెద్దిరాజు గారు విజయవాడ బందరు రోడ్డు మీద మా అందరికన్నా పాతకాపు. ఆయన నేర్పిన మొదటి పాఠం ఇది: "వేసవిలో అమ్మాలిరా, వానల్లో ఫోనెత్తకూడదు."

డెల్టాలో ఈ మాటకు అర్థం అందరికీ తెలుసు. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. పొలం నెర్రెలిచ్చి, చేలకు నీళ్లు తెచ్చే బోదెలు ఎండి, ప్రతి స్థలమూ మెరక భూమిలా కనిపిస్తుంది. జూన్‌లో నీళ్లు వదిలాక అదే స్థలంలో గునపం దించితే మూడడుగులు పోకముందే తడి తగులుతుంది. అందుకే సైట్ విజిట్లన్నీ మేం ఏప్రిల్, మే నెలల్లోనే పెట్టుకునేవాళ్లం.

ఆ రోజు వచ్చినాయన పేరు వీరాస్వామి. మంగళగిరిలో చేనేత పని. రాజధాని పుణ్యమా అని ఆయన అద్దెకున్న పెంకుటిల్లు యజమాని అమ్మేశాడు. భార్య మాణిక్యమ్మ గారి పుట్టిల్లు కంకిపాడు పక్కనే కావడంతో ఇటు వచ్చారు. నేను మామూలుగానే తూర్పు ముఖం, ఈశాన్యం పెరిగింది, నలభై అడుగుల రోడ్డు అంటూ చదివాను. ఆయన చెప్పు విడిచి, పాదంతో నేలను రెండుసార్లు నొక్కి, ఇక్కడ గుంట తవ్వుకోవచ్చా అని అడిగారు. సెప్టిక్ ట్యాంకు గురించి అనుకున్నాను. ఎంత లోతైనా తవ్వుకోమన్నాను, పూచీ నాది అని కూడా అన్నాను.

ఆయన అడిగింది మగ్గం గుంట గురించి. మంగళగిరి నేతగాళ్లు నేలలో గొయ్యి తీసి, అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి మగ్గం తొక్కుతారు. ఆ గొయ్యి పొడిగా ఉండాలి. ఇంతకన్నా చెప్పాల్సింది ఇంకొకటుంది. ప్రశ్న సరిగ్గా అర్థమైనా నేను నిజం చెప్పేవాణ్ణని ప్రమాణం చేయలేను. ఆ వెంచరులో అదే ఆఖరి స్థలం.

రిజిస్ట్రేషన్ అయింది. రేకుల షెడ్డు వేసుకున్నారు, మగ్గం దింపారు. జూన్‌లో కాలువలకు నీళ్లొచ్చాయి. జూలైలో నా ఫోనుకు వీరాస్వామి గారి నంబరు నుంచి కాల్స్ మొదలయ్యాయి. గురువుగారి పాఠం ప్రకారం నేను ఎత్తలేదు. ఒక వారం పాటు ఎత్తలేదు.

ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ బస్సెక్కి మా ఆఫీసుకే వచ్చారు. కేకలు వేస్తారనుకుని, నేను ముందుగానే మంచినీళ్లు తెప్పించాను. వీరాస్వామి గారు కూర్చోలేదు.

"నాలుగు దిక్కులూ చూపించారండీ. కిందది చూపించలేదు."

గుంటలో మోకాలి లోతు నీరట. చీరలు శ్రావణ మాసంలోపు కావాలని పడుగు నూలు ఇచ్చిన షావుకారు గడువు పెట్టాడట. అది తప్పితే పని వేరే మగ్గానికి పోతుంది, మళ్లీ వీరి గుమ్మం తొక్కదు. గుంటకు సిమెంటు చేయిస్తే సరిపోదా అన్నాను. చేయించారట, అడుగు నుంచి ఊరిందట. పైన చట్రం కట్టుకునే మగ్గాలుంటాయి కదా అని సలహా ఇచ్చాను. దానికి మాణిక్యమ్మ గారు జవాబిచ్చారు.

"ముప్ఫై ఏళ్లు గుంటలో కూర్చున్న నడుమండి ఈయనది. మీ కుర్చీ తీసి మిమ్మల్ని చెట్టెక్కి కూర్చోమంటే అమ్ముతారా స్థలాలు?"

నేను నా కుర్చీ వంక చూశాను. మా ఆఫీసు పాత రోడ్డు కట్ట మీద ఉంది. ఏ వానకూ అక్కడ చెమ్మ చేరదు. డెల్టాలో తిరిగేవాణ్ణి, నాకు మాత్రం మెరక చూసే తీసుకున్నాను.

మర్నాడు మేస్త్రీని పిలిచి, నా కుర్చీ ఉన్న చోటే గచ్చు పగలగొట్టించాను. ఆ గుంటలోకి మగ్గం వచ్చింది, నా బల్ల వసారాలోకి పోయింది. స్థలాల కోసం వచ్చినవాళ్లు లోపల టకటక చప్పుడు విని, ఇది ఏజెంటు ఆఫీసేనా అని అడిగేవారు. సంగతి తెలిసి పెద్దిరాజు గారు కారేసుకుని వచ్చి చూశారు. "గోతులు ఊరికి తవ్వాలి గానీ, మన ఆఫీసులో మనమే తవ్వుకుంటామేంట్రా?" అని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. చీరలు శ్రావణానికి నాలుగు రోజుల ముందే మడతకొచ్చాయి.

కానీ ఆఫీసు ఇల్లు కాదు. స్థలం వెనక్కి తీసుకోమని వెంచరు యజమానిని అడిగితే, రిజిస్ట్రేషన్ అయ్యాక సంబంధం లేదన్నాడు. అది నేను అందరికీ చెప్పే మాటే. గన్నవరం వైపు ఎర్రమట్టి నేలలో నాకొక స్థలం ఉంది. కాలువలు నిండుగా పారుతున్న ఆగస్టులో వీరాస్వామి గారిని అక్కడికి తీసుకెళ్లి, నేనే గునపం పట్టి గుంట తీశాను. మూడో రోజు మళ్లీ వెళ్లాం. ఆయన అందులోకి దిగి, చెప్పులు విడిచి నిలబడి, పైకి వచ్చి తలూపారు. మార్పిడి దస్తావేజు రాయించి ఆ స్థలం ఆయన పేర పెట్టాను, ఆయనది నా పేరకు వచ్చింది.

నేర్చుకున్నది చిన్న విషయమే. కొనేవారికి స్థలం ముఖం ఏ వైపో చెప్పేముందు, ఇక్కడ ఏం చేసుకుంటారని అడగాలి. చూపించేది కాలువలు పారేటప్పుడు చూపించాలి. ఆ తర్వాత పని మానేసేదాకా గునపం నా కారు డిక్కీలోనే ఉండేది. కొందరు అమ్మేవాళ్లు నన్ను పిలవడం మానేశారు.

కంకిపాడు స్థలం ఇంకా నా పేరనే ఉంది. చేమదుంపలు వేశాను, బ్రహ్మాండంగా పండుతున్నాయి. ఎండాకాలంలో ఎవరో ఒకరు గేటు దగ్గర ఆగి అమ్ముతారా అని అడుగుతారు. జూలైలో వచ్చి చూడమంటాను. ఇంతవరకూ ఎవరూ రాలేదు.