చేప తల ఎటు?

ఆస్పత్రిలో అందరూ ఆమెను ఎక్స్‌రే అక్క అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా ఎముకల బొమ్మలు తీస్తోంది. ఏ బొమ్మ చేతికొచ్చినా కుడి ఏదో ఎడమ ఏదో తేల్చుకోనిదే నోరు విప్పదు.

డ్యూటీ ఎనిమిదింటికి. ఆరింటికే బస్ డిపో వెనక కాలువ దగ్గర, పాత కెమెరా పట్టుకుని తుప్పల మాటున కూర్చుంటుంది. అవతలి గట్టున లకుముకి పిట్టల జంట ఒకటి మకాం పెట్టింది.

ఒక ఆదివారం ఫోటోలు వరసగా చూస్తూ ఆమె ఆగిపోయింది. కొన్నింటిలో ముక్కున కరుచుకున్న చేప తల పిట్ట గొంతువైపు ఉంది. కొన్నింటిలో బయటివైపు.

"ఇలా చూడండి, చేపను తిరగేసి పట్టుకుంది."

బస్సులు బాగుచేసే భర్త నవ్వాడు. "ఇక చేపలకి కూడా ఎడమా కుడీ రాసిపెడతావా?"

మనవరాలికి మందు పోస్తున్న అత్తగారు తల తిప్పకుండానే అంది: "నేను తాగేటప్పుడు చెంచా నావైపు తిప్పుకుంటాను. దీనికి పట్టేటప్పుడు దీనివైపు తిప్పుతాను. పిట్టకి ఆ మాత్రం తెలీదా?"

ఆ మాటతో అక్కకు నిద్ర పట్టలేదు. నిజమో కాదో కళ్లారా చూడాలి.

మూడో రోజు ఆ అవకాశం దొరికింది. మగపిట్ట మొదటి చేపను కొమ్మకేసి బాది, తలవైపు నుంచి గుటుక్కున మింగింది. రెండోదాన్నీ బాదింది, మింగలేదు, తిప్పింది. తల బయటికి. ఇంతలో కింది ముక్కు ఎర్రగా ఉన్న ఆడపిట్ట వచ్చి పక్కన వాలింది. మగది ముందుకు వంగింది. ముక్కు నుంచి ముక్కుకు చేప మారింది. కెమెరా టకటకా నొక్కుతూ, "అమ్మ దొంగా!" అంది అక్క.

కొన్ని వారాలకు రెండు పిట్టలూ చేపల తలలు బయటికే పెట్టుకుని గట్టులోని బొరియలోకి దూరడం మొదలుపెట్టాయి. లోపల పిల్లలున్నాయని ఆమెకు చూడకుండానే అర్థమైంది.

మరో పది పన్నెండు రోజులకు కాలువ పూడిక తీసే మెషిన్ వచ్చింది. అక్క పరుగున వెళ్లి డ్రైవర్‌కు ఫోటోలు చూపించింది.

"పిట్టల కోసం పని ఆపమంటే మా సూపర్‌వైజర్ నన్ను కాలువలో తోస్తాడక్కా."

"ఆపొద్దు తమ్ముడూ. ముందు ఇవతలి గట్టు తవ్వు. రెండూ ఎలాగూ తవ్వాల్సినవేగా?"

అతను ఫోటోలు మళ్లీ చూశాడు. "ఎప్పుడూ ఇలాగే పట్టుకుంటుందా?"

"నువ్వే చూడు."

అతను చూశాడు. టిఫిన్ తింటూ లెక్కపెట్టాడు కూడా. మెషిన్ ఇవతలి గట్టునే ఉండిపోయింది. మెషిన్ వచ్చిన పదమూడో రోజున ఐదు పిల్లలు బొరియలోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మూడు తిన్నగా ఎగిరాయి, ఒకటి నీళ్లలో పడి లేచింది, చివరిది గంటసేపు గుమ్మంలోనే కూర్చుంది. అది కూడా ఎగిరిపోయాకే మెషిన్ అవతలికి మారింది.

మర్నాడు ఆస్పత్రికి ఫోన్ వచ్చింది. డ్రైవరే.

"అక్కా, ఒక కొంగ నా మెషిన్ వెనకే నడుస్తోంది. పక్క కొంగని మాత్రం దగ్గరికి రానివ్వట్లేదు. ఎందుకంటావ్?"

"నాకూ తెలీదు. సాయంత్రం వస్తా, అప్పటిదాకా చూస్తుండు," అంది అక్క, మెడలో కెమెరా ఉందేమోనన్నట్టు తడుముకుంటూ.