చివరి అధ్యాయానికి పట్టీ

మా అక్క లైబ్రరీలో పనిచేస్తుంది. పుస్తకాల మీద ముద్ర వేయడం కొసరు పని; వచ్చినవాళ్ళకల్లా డిటెక్టివ్ నవలలు అంటగట్టడమే ముప్పై ఏళ్ళుగా ఆవిడ అసలు ఉద్యోగం. పరీక్షల గైడు కోసం వచ్చిన అమ్మాయినీ వదలదు, వాన తగ్గేదాకా నిలబడదామని వచ్చిన పోస్ట్‌మన్‌నీ వదలదు. తలుపు గడియ పెట్టారో లేదో మళ్ళీ లేచి చూస్తారా అని అడుగుతుంది. చూస్తామంటే మూసిన గదిలో హత్య. పక్కింట్లో గొడవైతే కిటికీ దగ్గరికి వెళ్తారా అని అడుగుతుంది. వెళ్తామని ఎవరూ ఒప్పుకోరు. అయినా మొహం చూసి ఆస్తి తగాదాల నవల చేతిలో పెడుతుంది.

కొత్తవాళ్ళకిచ్చే పుస్తకంలో చివరి అధ్యాయం పేజీలన్నీ కలిపి చుట్టూ సన్నటి కాగితం పట్టీ అంటిస్తుంది. అక్కడిదాకా చదివి, హంతకుడెవరో మనసులో అనుకున్నాకే దాన్ని చింపాలి. ముందే చింపినవాళ్ళు ఇట్టే దొరికిపోతారు. పట్టీ తెగి ఉంటుంది, మధ్య పేజీలు మాత్రం నలగవు. అలాంటివాళ్ళకు రెండో పుస్తకం ఇవ్వదు. మొదటి వారంలోనే దొరికిపోయిన ఘనురాలిని నేను.

ఈ మధ్య అక్క బాగా అలసిపోయింది. సాయంత్రానికి కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. కొత్తవాళ్ళు మూడు పుస్తకాలు చదివి మొహం చాటేస్తారు. "ఎంతమందికని మళ్ళీ మొదట్నుంచీ చెప్పనే?" అంది ఒకరోజు మా ఇంట్లో బల్ల మీద తల పెట్టుకుని. ఆవిడకు కావలసింది వందమంది పాఠకులు కాదు, చదివిన దాని గురించి ఇంట్లో మాట్లాడడానికి ఒక్క మనిషి. ఆ ఒక్కరూ బావ కావాలని ఆశ.

బావ ముప్పై అయిదేళ్ళు లేతు మిషన్ మీద పనిచేసి నిరుడే రిటైరయ్యాడు. పుస్తకమంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. అలాంటివాడు గత నెలలో తనంతట తనే ఆ హత్యల పుస్తకం ఒకటి తెచ్చిపెట్టమన్నాడు. అక్క నాకు ఫోన్ చేసి గంటసేపు అదే మాట్లాడింది. తనకు అన్నిటికన్నా ఇష్టమైన నవల ఇచ్చింది, పట్టీ అంటించి మరీ.

మూడో రోజు భోజనాల దగ్గర బావ, ఆ తోటమాలి అంత పని చేస్తాడనుకోలేదన్నాడు. అక్క పొంగిపోయింది. తర్వాత పుస్తకం తిరగేసి చూసింది. పట్టీ తెగి ఉంది, మధ్య పేజీలు నలగలేదు. తన నియమం తనే తప్పి రెండోది ఇచ్చింది. అదీ అంతే. మూడోదీ అంతే.

ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అక్క ఆ మూడు పుస్తకాలూ ముందు పెట్టుకుని బావను కడిగేస్తోంది. ఇష్టం లేకపోతే చెప్పొచ్చు కదా, ఈ నాటకమెందుకని నిలదీసింది. నేనూ వంత పాడాను. బావను నాలుగు మాటలనే అవకాశం వస్తే వదులుకునే మరదలిని కాను.

బావ చొక్కా చేతులు సర్దుకున్నాడు.

"నాలుగు లైన్లయ్యేసరికి అక్షరాలు అలికేసినట్టు అయిపోతున్నాయే. లోపల నరం ఎండిపోతోందన్నాడు కంటి డాక్టరు. పోయిన చూపు ఇక రాదట. పుస్తకమంతా నా వల్ల కాదు. చివరి పేజీలైతే ఎలాగోలా చదవగలను. ఎవరు చంపారో తెలిస్తే నీతో కాస్త మాట్లాడొచ్చు కదా అని."

ఎప్పట్నుంచని అక్క అడిగింది. ఏడాది నుంచన్నాడు.

"టీ కప్పు బయట పోశారు. పేపరు చదవడం మానేశారు. మెట్లు తడుముకుంటూ దిగారు," అంది అక్క. "అన్నీ చూశాను. పరధ్యానం అనుకున్నాను." ఆవిడ గొంతులో కోపం అయిపోయింది. ఓపిక కూడా అయిపోయింది.

లేచి మొహం కడుక్కుని, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, ఇంకో నవల తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. తను పదిసార్లు చదివిన పుస్తకం. ఆరో పేజీలో ఒక వకీలు వచ్చి నమస్కారం పెట్టాడు. బావ చెయ్యెత్తాడు.

"వీడేగా?"

అక్క పుస్తకం మీంచి తలెత్తింది.

"వాడు రాగానే నీ గొంతు మారింది," అన్నాడు బావ.

అక్క పుస్తకం మూసేసింది. లైబ్రరీకి కొత్తగా వచ్చిన నవలలు సంచిలో ఉన్నాయి, తనింకా తెరవనివి. అందులోంచి ఒకటి తీసింది.

"ఇదెవరు చేశారో నాకూ తెలీదు," అంది.