ఏరు దాటాడో లేదో

మా సార్ పోయారు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, చందానగర్‌లో మా కింది వాటా వాళ్ల ఫోన్‌కు కబురొచ్చింది. గుండెపోటు. ముందురోజు సాయంత్రం దాకా ఓపీలో పేషెంట్ల మెడలు చూస్తూనే ఉన్నారు.

ఆయన క్యాన్సర్ డాక్టరు, నాకు గురువు. మన జనం కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషన్‌కు మెడలో గడ్డలు ఎలా కరుగుతాయో, ఏవి మొండికేస్తాయో తెలుసుకోవడమే ఆయన పరిశోధన. వారం వారం ప్రతి గడ్డనూ స్కేలుతో కొలిచేవారు. అంతకుముందు అరచేతులు గట్టిగా రుద్దుకునేవారు. "చల్లటి చెయ్యి తగిలితే మెడ బిగుసుకుపోతుందమ్మా. గడ్డ ఏదో, భయమేదో తెలియదు." ఆ తర్వాత "తల పైకెత్తండి" అనేవారు, కూలి మనిషినైనా సరే అండీ అనే.

చికిత్స అయ్యాక మళ్లీ వచ్చి చూపించుకునేవాళ్లు తక్కువ. గడ్డ కరిగితే నయమైందని రారు, కరగకపోతే లాభం లేదని రారు. "ఏరు దాటాక తెప్ప తగలేసే రకాలు సార్ వీళ్లు" అని విసుక్కునేదాన్ని. "దాటారో లేదో తెలియకుండా అలా అనకమ్మా" అనేవారు.

ఆయన్ని బాగా బాధపెట్టింది ఖాజాగూడలో రాళ్లు కొట్టే ఒకతను. కరెంటు ఆఖరి రోజుకు కూడా గడ్డ సగం అలాగే ఉంది. "ఇక్కడితో ఆపినా అది ఇంకా కరుగుతుందండీ, నెలన్నర తర్వాత రండి" అని సార్ చెప్పారు. అతను రాలేదు. ఒక మధ్యాహ్నం సార్ స్కూటర్ మీద ఇద్దరం వెతుక్కుంటూ వెళ్లాం. హైటెక్ సిటీ వైపు పోయే లారీలు దుమ్ము రేపుతున్నాయి. ఒకప్పుడు గుడిసెలున్న చోట ప్లాట్ల హద్దురాళ్లు పాతి ఉన్నాయి.

"నేను సరిగ్గా చెప్పలేదేమోనమ్మా" అన్నారు సార్, కళ్లద్దాలు తుడుచుకుంటూ. రికార్డులో చనిపోయాడని రాద్దామా అని నేనంటే కోప్పడ్డారు. "తెలియదని రాయి. పోయాడనడానికి మనమెవరం?" అప్పటినుంచి ఖాజాగూడ వాళ్లెవరొచ్చినా అతని సంగతి అడిగేవారు.

మొన్న, సార్ పెద్దకర్మ అయిన మర్నాడు, అతనొచ్చాడు.

"సారు లేడా అమ్మా? మెడ జూపిద్దమని వచ్చిన."

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. "ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావయ్యా?"

"గడ్డ కరిగిపాయె. ఇగ దవాఖానకు ఎందుకని రాలే. గిప్పుడు బోరబండల ఉంటున్నం. సారు నా కోసం అడుగుతుండని మావోళ్లు చెప్పిండ్రు."

సార్ లేరని చెప్పాను. బెంచీ మీద కూలబడ్డాడు. "జర ముందుగాల రావాల్సుండె" అన్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే తల పైకెత్తి కళ్లు మూసుకున్నాడు.

నేను అరచేతులు రుద్దుకుని తడిమాను. కరెంటుకు నల్లబడ్డ చర్మం, దాని కింద అతను మింగిన గుటక. అంతే. ఇంకేమీ లేదు.

"దాటాడు సార్" అన్నాను, ఖాళీ కుర్చీ వైపు తిరిగి. అతను ఇంకా తల దించలేదు.