లేని అక్కకు మోకాళ్ళ నొప్పి

కటింగ్ మాస్టరుకు మాల్ అంటే రోత. ఆ సంగతి బట్టల ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. ఎవరైనా అక్కడ కొన్న చొక్కా వేసుకొచ్చారంటే కాలరు పట్టుకుని తిరగేసి, లోపలి కుట్టు చూపించి, దీనికి డబ్బులు కూడా ఇచ్చావా అని అడిగేవాడు. అదే మాస్టరు నెలకో ఆదివారం, షట్టర్లు ఎత్తే వేళకే, మాల్ మూడో అంతస్తులో ఆడవాళ్ళ గౌన్ల మధ్య తిరుగుతుంటాడని మాత్రం రెండో కంటికి తెలియదు.

అతనికి నలభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎనభై పొరల గుడ్డను బల్ల మీద పరిచి, ఒక్క దారం పక్కకు పోకుండా కోసే మనిషి. తనకు కావలసిన గౌను ఒక పూటలో కుట్టుకోగలడు. అలా కుట్టుకున్నవి రెండు ఇనప బీరువా అడుగున ఉన్నాయి. కానీ అవి వేసుకుంటే పనిలో ఉన్నట్టే ఉండేది. భుజం ఎక్కడ సర్దాలి, చంక దగ్గర ఎంత వదలాలి అని కళ్ళు తప్పులే వెతికేవి. అతనికి కావలసింది గుడ్డ ఒక్కటే కాదు. నలుగురు ఆడవాళ్ళ పక్కన నిలబడి, హ్యాంగర్లు ఒక్కొక్కటే జరుపుతూ, ఇదా అదా అని తేల్చుకోలేక సతమతమవడం కావాలి. అది ఇంట్లో కుట్టుకుంటే వచ్చేది కాదు.

పోనీ అక్కడ సుఖపడేవాడా అంటే అదీ లేదు. అద్దాల తలుపు దాటగానే సెంటు, వేయించిన మొక్కజొన్న, కొత్త రబ్బరు కలిసిన వాసన గొంతులో అడ్డం పడేది. తలల్లేని బొమ్మలకు గౌన్లు తొడిగి, వీపు వెనక క్లిప్పులతో బిగించి, నడుములు సన్నగా చూపించే మోసం చూస్తే ఒళ్ళు మండేది. ఎవరో వేసి చూసి వదిలేసిన గౌను మెడ దగ్గర ముఖానికి పూసుకున్న రంగు అంటుకుని ఉండేది. వేలికి తగిలితే ప్యాంటుకు తుడుచుకునేవాడు. తుడుచుకుని మళ్ళీ అదే గౌను చేతిలోకి తీసుకునేవాడు. మెట్ల పక్క బెంచీ మీద సంచులు కాపలా కాస్తూ కూర్చునే మగవాళ్ళతో కాసేపు కూర్చుని, ఆడవాళ్ళ షాపింగు మీద వాళ్ళు వేసే జోకులకు నవ్వేవాడు. ఆ నవ్వు వాంతి వచ్చేముందు నోట్లో ఊరే నీళ్ళలా ఉండేది.

అన్నిటికంటే తన నోరంటేనే అతనికి ఎక్కువ అసహ్యం. ఆరేళ్ళ కిందట సేల్స్ అమ్మాయి, ఎవరికి సార్ అని మొదటిసారి అడిగినప్పుడు, మా అక్కకు అనేశాడు. అతనికి అక్క లేదు. ఉన్నది ఒక తమ్ముడు, వాడు వేరే ఊళ్ళో ఉంటాడు. కొలతలు అడిగితే, కటింగ్ బల్ల దగ్గర అలవాటు కొద్దీ, పొడవు, భుజం, ఛాతీ, నడుము, చెయ్యి అని గుక్క తిప్పుకోకుండా తన కొలతలే అప్పజెప్పాడు. భుజం పద్దెనిమిది అంగుళాలు.

"మీ అక్క కసరత్తు చేస్తారా సార్?" అంది ఆమె, రాసుకుంటూ.

ఈత కొడుతుంది అన్నాడు. అలా లేని అక్కకు ఈత వచ్చింది. అంత ఈతగత్తె షాపుకు స్వయంగా ఎందుకు రాదంటే, మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. తన పొట్ట పెరిగినప్పుడల్లా అక్క కూడా లావెక్కింది. రాలేని మనిషి కదా అని సేల్స్ అమ్మాయి జాలిపడి, పది రోజుల గడువు దాటినా గౌన్లు మార్చి ఇచ్చేది. వెళ్ళినప్పుడల్లా అక్క ఎలా ఉన్నారని అడిగేది. ఆ ప్రశ్న కోసం ఎదురుచూసేవాడు. విన్నాక బల్లిని తొక్కినట్టు ఒళ్ళు జలదరించేది.

ఏడాది కిందట ఆమె తల్లికి కూడా మోకాళ్ళు పట్టేశాయి. మీ అక్క ఆపరేషన్ చేయించుకున్నారా అని అడిగింది. ఆ రోజు అతనికి అచ్చంగా సరిపోయే నీలం గౌను దొరికింది. మనసు తేలిగ్గా ఉండి, అక్కను కూడా బాగుచేద్దామనిపించింది. ఆపరేషన్ దేనికి, నూనె రాసి, గోడ పట్టుకుని రోజూ లేచి కూర్చుంటే తగ్గింది, ఇప్పుడు మెట్లు కూడా ఎక్కుతోంది అన్నాడు. మెట్లెక్కే మనిషి మాల్‌కు ఎందుకు రాదని ఆమె అడగలేదు. నమ్మింది, అంతే.

మొన్న ఆదివారం అతను ఆకుపచ్చ గౌను ఒకటి తీసి కౌంటరు మీద పెట్టాడు. సేల్స్ అమ్మాయి బిల్లు వేసింది గానీ కవరు చేతికివ్వలేదు. తల్లి ఏడాదిగా గోడ పట్టుకుని లేస్తూ కూర్చుంటూ ఉందట. కాలు వంకర తిరిగింది. ఇంకా ఆలస్యం చేస్తే నిటారుగా రాదని డాక్టరు గురువారానికి ఆపరేషన్ పెట్టాడు. ఆవిడేమో ససేమిరా అంటోంది. సారు వాళ్ళక్కకు తగ్గలేదా, నాకూ తగ్గుతుంది అంటోందట.

"నా మాట వినదు సార్. మీ అక్కను ఒక్క రెండు ముక్కలు మాట్లాడమనండి. నొప్పి ఇంకా ఉందనో, ఆపరేషనే నయమనో చెప్తే చాలు. ఆవిడ చెప్తే వింటుంది."

నంబరు లేదని తప్పించుకోవచ్చు. ఇంట్లో పడి ఉన్న పాత ఫోను నంబరు చెప్పేశాడు. మూడు గంటలకు అమ్మ చేత చేయిస్తానంది.

రెండున్నరకు గడియ పెట్టి, కిటికీ తెరలు లాగి, ఆకుపచ్చ గౌను వేసుకున్నాడు. ఫోనులో గౌను కనబడదని తెలుసు. అయినా అక్క మాట్లాడాలంటే అక్కలా ఉండొద్దా అనుకున్నాడు. చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకున్నాడు: నాకు తగ్గలేదు, మా తమ్ముడు గొప్పలకు పోయాడు, నువ్వు ఆపరేషన్ చేయించుకో.

"తల్లీ, నువ్వేనా? గొంతేంటమ్మా అలా ఉంది, జలుబా?" అంది అవతలి పెద్దావిడ.

"అవును పిన్నీ," అన్నాడు. పిన్నీ అన్న మాట దానంతటదే వచ్చింది.

పుట్టి బుద్ధెరిగాక అతన్ని ఎవరూ తల్లీ అని పిలవలేదు. ఆవిడ గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. నీకు ఏ రంగులు ఇష్టమో మా అమ్మాయి నాకు చెబుతూనే ఉంటుంది, అంత శ్రద్ధగా ఏరి తెచ్చే తమ్ముడు ఎంతమందికి ఉంటాడు, ఒకసారి వచ్చి మా ఇంట్లో భోజనం చెయ్యాలి అంది. అతను ఊఁ కొడుతూ, మోకాలి మీద గౌను అంచు సర్దుకుంటూ, కుర్చీలో కాస్త వయ్యారంగా కూర్చున్నాడు. అప్పుడు ఆవిడ గొంతు తగ్గించి, నిజం చెప్పు తల్లీ, నీకు తగ్గిందా అని అడిగింది.

వల్లె వేసిన మాటలు నాలుక మీదే ఉన్నాయి. కానీ అవి చెబితే అక్క మళ్ళీ మంచాన పడుతుంది. ఇప్పుడిప్పుడే ప్రాణం పోసుకున్న మనిషి.

"తగ్గింది పిన్నీ. నిన్న ఈతకు కూడా వెళ్ళాను."

ఫోను పెట్టేశాక ఎదురుగా అద్దంలో ఆకుపచ్చ గౌను, చెమట పట్టిన మెడ, పైపెదవి మీద గీసిన సగం రోజుకే మొలిచిన మీసం కనిపించాయి. ఇన్నేళ్ళలో గౌను వేసుకున్నందుకు అప్పుడప్పుడు సిగ్గుపడ్డాడు గానీ, ఇది ఆ సిగ్గు కాదు. ఎవరి ఎంగిలి కంచమో నాకినట్టుంది. బాత్రూముకు వెళ్ళి రెండుసార్లు నోరు పుక్కిలించాడు.

సోమవారం ఒక పూట సెలవు పెట్టి, గౌను ఒక కవర్లో కుక్కి, తిన్నగా మూడో అంతస్తుకు వెళ్ళాడు. సేల్స్ అమ్మాయి కళ్ళు వాచి ఉన్నాయి. అమ్మ పొద్దున్నే ఆస్పత్రికి ఫోను చేయించి, గురువారం వద్దని చెప్పేసిందట. మీ అక్క ఏం చెప్పారు సార్ అని అడిగింది.

"అక్క లేదు," అన్నాడు.

ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, నిన్ననే కదా మాట్లాడారు."

"పోవడం కాదు. అసలు లేనే లేదు. నిన్న మాట్లాడింది నేను. ఈ ఆరేళ్ళూ కొన్నవన్నీ నేనే వేసుకుంటున్నాను."

ఆమె అతని భుజాలను ఒకసారి చూసింది. పద్దెనిమిది గుర్తొచ్చినట్టుంది.

"మీరు గౌను వేసుకుంటారో గోనెసంచి కట్టుకుంటారో నాకెందుకండీ. ఈ అంతస్తులో పన్నెండేళ్ళుగా నిలబడుతున్నా. ఎవరు ఎవరి పేరు చెప్పి ఏం కొంటారో నేను చూడనిది కాదు. లేని మోకాళ్ళతో మా అమ్మ మోకాళ్ళకు వైద్యం చెప్పారు చూడండి. ఛీ."

ఆ ఛీ కోసం ఆరేళ్ళుగా భయపడుతూనే ఉన్నాడు. అది ఇందుకు వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆమె నంబరు నొక్కి ఫోను అతని చేతిలో పెట్టింది. నిన్నటి గొంతు వద్దు, మీ గొంతుతోనే చెప్పండి అంది. అతను చెప్పాడు. పెద్దావిడ అంతా వింది.

"అయితే నేను తల్లీ అన్నది నిన్నేనా?"

"నన్నే."

"ఈత?"

"రాదు."

ఫోను మా అమ్మాయికివ్వు అంది. సేల్స్ అమ్మాయి అటు తిరిగి కాసేపు ఊఁ, ఊఁ అంది. తిరిగొచ్చి, గురువారం ఇంకా ఖాళీగానే ఉందేమో కనుక్కోమంటోందని గాల్లోకి చెప్పింది, అతనికి కాదన్నట్టు.

అతను కవరు లోంచి ఆకుపచ్చ గౌను తీసి, ఇది వద్దు, వెనక్కి తీసుకోండి అన్నాడు. ఇంట్లో దాని మొహం చూడలేను అనలేదు గానీ అర్థం అదే. ఆమె గౌను అందుకుని, మెడ పట్టుకుని తిరగేసి, లోపలి కుట్టు మీద ఎండిన చెమట చారను అతనికి చూపించింది.

"వేసుకున్న బట్ట తీసుకోం. మార్చి ఇచ్చింది మీ అక్క కోసం."

గౌనును కౌంటరు మీదుగా ఇవతలికి తోసింది. అతని కవరు అప్పటికే చినిగిపోయింది. ఇంకొకటి అడగడానికి నోరు రాలేదు. గౌను మోచేతి మీద వేసుకుని మెట్ల దగ్గరకు వచ్చేసరికి, బెంచీ మీద సంచుల మధ్య కూర్చున్న ఒక మగమనిషి చనువుగా నవ్వాడు.

"ఏంటి, ఆవిడకు నచ్చలేదా?"

ఆవిడ అనే ఆ ఒక్క మాట పట్టుకుని ఇంకో మనిషిని పుట్టించడానికి అరక్షణం చాలు. నోరు తెరుచుకుంది కూడా.

"నాదే," అన్నాడు మాస్టరు. "భుజం సరిపోలేదు."

ఆ మనిషి నవ్వు అలాగే ఉంది గానీ, మాస్టరు వైపున్న సంచులు రెండూ తీసి, అతనికి తగలకుండా అటువైపు పెట్టుకున్నాడు.