రాజ్యం అత్తయ్య వంకర నవ్వు

మొన్న మా అమ్మాయి పుట్టినరోజుకు బెలూన్లు ఊదుతుంటే ఆ రబ్బరు వాసనకి రాజ్యం అత్తయ్య గుర్తొచ్చింది. కాఫీ వాసనకో మల్లెపూలకో మేనత్తలు గుర్తొచ్చేవాళ్లుంటారు. నాకు మాత్రం బెలూన్లే!

కాకినాడ నుంచి వచ్చి గుర్‌గావ్‌లో ఉద్యోగంలో చేరిన కొత్త. అక్కడికి దగ్గర్లోనే, ఆర్.కె. పురంలో అత్తయ్యావాళ్ల గవర్నమెంటు క్వార్టరులో ఉండేదాన్ని. చలికాలం ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే నీళ్లు నోట్లో నిలవలేదు. అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపుకు లాగేసింది, ఎడమ కన్ను మూతపడటం లేదు. ముఖానికి పక్షవాతం అన్నాడు డాక్టరు. చాలామందికి తగ్గిపోతుంది గానీ, పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేనన్నాడు. నా ఉద్యోగమేమో పదిమంది ముందు నిలబడి మాట్లాడటం. ఈ మూతితో ఎవరి ముందు నిలబడను? రాజీనామా చేసి కాకినాడ వెళ్లిపోదామనుకున్నాను.

అత్తయ్య ఒప్పుకుంటేగా! ఆఫీసుకు సెలవు పెట్టించింది. మందులు, కంట్లో చుక్కలు, పడుకునేముందు రెప్పకు ప్లాస్టరు, అన్నీ తనే చూసుకుంది. భోజనాల దగ్గర ఎప్పుడూ నా ఎడమ పక్కనే కూర్చునేది. అటునుంచి పప్పు కారుతుంటే, మామయ్యతో మాట్లాడుతూనే, నావైపు చూడకుండానే కొంగుతో తుడిచేసేది. బుగ్గలకు వ్యాయామం కావాలని డాక్టరు అన్నాడో లేదో, బెలూన్లు కొనడం మొదలుపెట్టింది.

"రోజూ ఎవరి బర్త్‌డే ఆంటీజీ?" అని దుకాణంవాడు అడిగితే, "మా అమ్మాయిదే భయ్యా, రోజూ పుడుతోంది!" అని తనకొచ్చిన హిందీలో చెప్పింది.

గాలంతా ఎడమ పక్కనుంచి తుస్సుమనేది. నాకు ఏడుపొచ్చేది. "ఏడుపు తర్వాత, ముందు ఊదవే!" అనేది.

ఆవిడకు ఫొటోలంటే మహా పట్టింపు. కుచ్చిళ్లు కుదరలేదని ఒకే ఫొటోను మళ్లీ మళ్లీ తీయించే మనిషి. వాళ్ల పాతికేళ్ల పెళ్లిరోజుకు కాలనీలో తెలుగువాళ్లందర్నీ పిలిచి, ఫొటోగ్రాఫరుని కూడా పెట్టింది. నేను వెళ్లి వంటింట్లో దూరాను. పట్టుచీరలో ధగధగలాడుతూ వచ్చేసింది.

"రావే, అందరూ నిలబడ్డారు."

"నా మూతి చూడత్తయ్యా. ఇంత ముచ్చటపడి తీయించుకుంటున్నావు, పాడైపోతుంది."

"పాడైతే కానీ. నువ్వు లేని ఫొటో నాకెందుకూ?"

చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి పక్కన నిలబెట్టింది. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ చెయ్యి దించేసి, తన మూతిని అచ్చం నాలాగే కుడివైపుకు వంకర తిప్పింది.

"ఆంటీజీ, సీదా హసియే!" అని, తిన్నగా నవ్వమని ఫొటోగ్రాఫరు బతిమాలాడు.

"మా ఇంట్లో ఇలాగే నవ్వుతాం భయ్యా, తియ్!"

ముందు మామయ్య నవ్వాడు, తర్వాత అందరూ. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నేనూ నవ్వాను, కళ్లమ్మట నీళ్లు కారుతుంటే. ఈవిడ నా మేనత్త అని ఊరంతా చాటింపు వేయాలన్నంత గర్వమేసింది. సోమవారం ఆఫీసుకు వెళ్లాను.

ఆ రోజు కుదురుగా దిగిన ఫొటోలూ ఉన్నాయి. వాటిని బీరువాలో పడేసి, ఈ వంకర ఫొటోనే హాల్లో తగిలించింది. మామయ్య రిటైరై జనక్‌పురికి మారాక అక్కడి హాల్లోనూ అదే. ఇప్పుడు అత్తయ్య లేదు. వెళ్లినప్పుడల్లా కాసేపు దాని ముందు నిలబడతాను.

నా మూతి కొన్ని నెలలకు సర్దుకుంది. అలసిపోయిన రోజున మాత్రం ఎడమ కొస కాస్త ఆలస్యంగా కదులుతుంది. మొన్న కేకు దగ్గర మావారు ఫోనులో ఫొటో తీసేసి, అయిపోయిందంటూ కిందికి దించబోయారు.

"ఉండండి," అన్నాను, "నా నవ్వు ఇంకా పూర్తవలేదు."